కరెంటు పొదుపా, నిద్రా, సంపాదనా: అనంతపురం ఎండల్లో ఏది ముందు కొనాలి?

మార్చి దాటితే అనంతపురంలో ఇంటింటా ఇదే లెక్క. చేతిలో పది వేలో, యాభై వేలో ఉంటాయి. బిల్లు తగ్గాలి, రాత్రి కంటి నిండా నిద్ర పట్టాలి. పాత ఫ్యాన్లు మార్చాలా, కూలరు తెచ్చుకోవాలా, ఏసీకే పోవాలా, అప్పు చేసైనా మిద్దె మీద సోలార్ పెట్టించాలా? అమ్మేవాళ్లందరూ కరెంటు ఆదా అనే చెప్తారు. ఎవరికి ఎంత ఆదా అన్నది మీ ఇంటి బిల్లు ముందు పెట్టుకుంటే తప్ప తేలదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. 43 డిగ్రీల రోజున పసిబిడ్డనో, షుగరు ఉన్న పెద్దమనిషినో ఉక్కలో పడుకోబెట్టి మిగిల్చిన యూనిట్లను నేను పొదుపు అనను. కూలి తెచ్చే మిషన్‌ను ఆపి మిగిల్చినవీ అంతే. భారతదేశంలో తలసరి కరెంటు వాడకం ఏడాదికి సుమారు 1,400 యూనిట్లు. ప్రపంచ సగటులో ఇది సగం కూడా కాదు. మనలో చాలా ఇళ్లకు ఇంకా కరెంటు కావాలి. కోయాల్సింది వృథాను. ఆ వృథా ఎక్కడుందో వెతకడానికే ఈ పోలిక.

ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికన్నా ముఖ్యం మీ శ్లాబు, అంటే నెల వాడకాన్ని బట్టి యూనిట్ ధర పెరిగే మెట్టు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ నుంచి ఇళ్లకు అమలైన శ్లాబులు ఇవి:

| నెల వాడకం | యూనిట్ ధర |
|---|---|
| 0–30 యూనిట్లు | రూ. 1.90 |
| 31–75 | రూ. 3.00 |
| 76–125 | రూ. 4.50 |
| 126–225 | రూ. 6.00 |
| 226–400 | రూ. 8.75 |
| 400 దాటితే | రూ. 9.75 |

దీని మీద స్థిర చార్జీ, ఇంధన సర్దుబాటు, సుంకం వేరే పడతాయి. మీ తాజా బిల్లులో ధర మారి ఉంటే ఆ ధరే పట్టుకోండి, లెక్క వేసే పద్ధతి మారదు. మనం తగ్గించే యూనిట్ ఎప్పుడూ పై శ్లాబు నుంచే తగ్గుతుంది. అందుకే ఒకే వస్తువు ఒక ఇంట్లో ఏడాదికే పెట్టుబడి తిరిగి తెస్తుంది, పక్కింట్లో నాలుగేళ్లయినా తేదు.

రెండు ఇళ్లు తీసుకుందాం. మొదటి ఇంట్లో నెలకు 260 యూనిట్లు. శ్లాబుల ప్రకారం రూ. 1,323. అందులో 60 యూనిట్లు తగ్గిస్తే బిల్లు రూ. 867కు దిగుతుంది, అంటే రూ. 456 మిగులు. రెండో ఇల్లు 90 యూనిట్లది, బిల్లు దాదాపు రూ. 260. కష్టపడి 20 యూనిట్లు తగ్గించినా మిగిలేది 82 రూపాయలే. ఈ రెండో ఇంటివాళ్లు 70 వేలు పెట్టి ఏదో బిగించుకోవడంలో అర్థం లేదు. వాళ్లకు కావాల్సింది తక్కువ ఖర్చుతో ఎక్కువ చల్లదనం.

ఇంకో పని కూడా చేయండి. పోయిన మే నెల బిల్లు, పోయిన డిసెంబరు బిల్లు పక్కపక్కన పెట్టండి. రెండింటికీ మధ్య ఉన్న తేడాయే ఎండాకాలం చల్లదనానికి మీరు ఖర్చు పెట్టేది. తేడా పెద్దదైతే ఫ్యాన్, కూలరు, ఏసీ, మిద్దె సంగతి చూడాలి. తేడా చిన్నదై డిసెంబరులోనే బిల్లు ఎక్కువగా ఉంటే, తప్పు ఫ్రిజ్‌లోనో గీజర్‌లోనో నీళ్ల మోటారులోనో ఉంది.

మిగతావి త్వరగా చెప్తాను. ఇంట్లో వేడికి తట్టుకోలేనివాళ్లు ఎవరున్నారు? ఆ కరెంటుతో ఇంటికి సంపాదన వస్తోందా? వస్తువు పాడైతే ఊళ్లోనే బాగుచేసేవాళ్లున్నారా? చివరిది మన జిల్లాలో తప్పనిసరిగా అడగాల్సింది: నీళ్లు ఎన్ని కావాలి? ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే చోట కరెంటు మిగిల్చి నీళ్లు పోగొట్టుకుంటే అది లాభం కాదు.

మిద్దెకు తెల్లపూత

ఎవరూ పెద్దగా ప్రచారం చేయని పని ఇది. నా దృష్టిలో మొదట చేయాల్సింది ఇదే. పాత రాయలసీమ ఇళ్లకు మందపాటి రాతి గోడలు, పైన చౌడు మన్ను పోసిన మిద్దె ఉండేవి. ఎండ లోపలికి దిగేసరికి సాయంత్రం అయ్యేది. ఇప్పటి నాలుగైదు అంగుళాల కాంక్రీటు మిద్దె పగలంతా ఎండ మింగి రాత్రి పది గంటలకు మన నెత్తిన వదులుతుంది. ఫ్యాన్ వేస్తే వేడిగాలి కొట్టడానికి కారణం అదే. ఫ్యాన్‌ది తప్పు కాదు.

సున్నపు పూతకు ఒకటి రెండు వేలల్లో పని అయిపోతుంది. వానలకు కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా ఫిబ్రవరి, మార్చిలో మళ్లీ వేసుకోవాలి. కూల్ రూఫ్ పెయింట్ అయితే ఖర్చు ఎక్కువ, కొన్నేళ్లు ఉంటుంది. రెండింటిలో దేనికైనా గదిలో రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. మన గాలికి దుమ్ము పట్టి పూత ఎర్రబడితే పని తగ్గిపోతుంది, మధ్యలో ఒకసారి ఊడ్చి కడగాలి. పై అంతస్తు ఉన్న ఇంట్లో కింద ఉండేవాళ్లకు దీనితో పనిలేదు. రేకుల ఇంటికి మాత్రం తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

ఫ్యాన్లు

పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తాగుతుంది. బీఎల్‌డీసీ (బ్రష్ లేని డీసీ మోటారు) ఫ్యాన్ 30 చుట్టూ. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు ఒక్కో ఫ్యాన్ మీద 20 యూనిట్లు తగ్గుతాయి. మూడు ఫ్యాన్లకు 60. పైన చెప్పిన 260 యూనిట్ల ఇంటికి ఈ ఒక్క మార్పే ఎండాకాలంలో నెలకు నాలుగైదు వందలు మిగులుస్తుంది. మామూలు ఫ్యాన్ మీద వెయ్యి, పదిహేను వందలు ఎక్కువ పెట్టాలి. అంత వాడకం ఉన్నవాళ్లకు ఏడాదిలోనే తిరిగొస్తుంది. 90 యూనిట్ల ఇంటికి ఆ తేడా రావడానికి రెండేళ్లు పడుతుంది. అందుకని వాళ్లు బాగున్న ఫ్యాన్‌ను పీకేయకుండా, కాలిపోయినప్పుడు మార్చుకుంటే సరిపోతుంది.

కరెంటు పోయే ఊళ్లలో దీనికి ఇంకో విలువ ఉంది. అదే ఇన్వర్టరు బ్యాటరీ మీద ఫ్యాన్లు రెండింతల సేపు తిరుగుతాయి. లో వోల్టేజీలో కూడా వేగం పడిపోదు. రాత్రి పూట వోల్టేజీ దిగిపోయే వీధుల్లో ఉండేవాళ్లకు ఈ ఒక్కటి చాలు.

దీనికీ ఒక ఇబ్బంది ఉంది. మామూలు ఫ్యాన్ కాలితే వైండింగ్ షాపులో కొన్ని వందలకు చుట్టిస్తారు. బీఎల్‌డీసీలో సర్క్యూట్ బోర్డు పోతే కంపెనీ మనిషి రావాల్సిందే. అందుకే స్టార్లు ఎన్ని ఉన్నాయో చూసినంత శ్రద్ధగా వారంటీ ఎన్నేళ్లో, సర్వీసు సెంటరు మీ ఊళ్లో ఉందో లేదో చూడండి. బిగించేటప్పుడు పాత రెగ్యులేటర్ తీసేయమని చెప్పండి. ఈ ఫ్యాన్లలో చాలావాటి వేగం రిమోట్‌తోనే మారుతుంది.

కూలరా, ఏసీనా

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే, కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం.

ఏప్రిల్, మే నెలల్లో మన గాలి పొడిగా ఉంటుంది. కూలరు పనిచేసేది అలాంటి గాలిలోనే. విజయవాడలో, నెల్లూరులో ఉక్కపోతకు చేతులెత్తేసే కూలరు అనంతపురంలో, కర్నూలులో గదిని నిజంగా చల్లబరుస్తుంది. కిటికీ తెరిచి, బయటి గాలి లాగేటట్టు పెట్టాలి. గది మూసేసి లోపల పెడితే అరగంటలో తేమ పట్టి ఒళ్లంతా జిగటగా అవుతుంది, ఆ తర్వాత కూలరు పనికిరాదని అంటారు.

| | కూలరు | ఇన్వర్టర్ ఏసీ (కంప్రెసర్ వేగం అవసరాన్ని బట్టి మారేది, 1.5 టన్ను) |
|---|---|---|
| రాత్రిపూట 8 గంటల పాటు నడిస్తే కరెంటు | ఒకటిన్నర యూనిట్ లోపు | 5 నుంచి 6 యూనిట్లు |
| నెలకు | 43 యూనిట్ల చుట్టూ | 160 యూనిట్ల చుట్టూ |
| 90 యూనిట్ల ఇంటికి అదనపు బిల్లు | రూ. 205 | రూ. 976 |
| నీళ్లు | పెద్దదైతే రాత్రికి 40 లీటర్ల పైనే | అక్కర్లేదు |
| ఏప్రిల్, మే | బాగా పనిచేస్తుంది | బాగా పనిచేస్తుంది |
| వాన మబ్బు పట్టిన రోజులు | ఉక్క పెరుగుతుంది | పనిచేస్తుంది |
| కరెంటు పోతే | ఇంటి ఇన్వర్టరు మీద నడుస్తుంది | మామూలు ఇన్వర్టరు లాగలేదు |

రూపాయల్లో చూస్తే కూలరుదే గెలుపు. నీళ్ల దగ్గరికి వచ్చేసరికి లెక్క తారుమారు అవుతుంది. పెన్న అహోబిలం రిజర్వాయరు నీళ్లు కుళాయికి సరిగ్గా వచ్చే వీధిలో రాత్రికి రెండు మూడు బిందెలు పోవడం పెద్ద విషయం కాదు. ట్యాంకరు కోసం ఎదురుచూసే కాలనీలో అదే రెండు బిందెలు ఇంట్లో ఆడవాళ్ల నడుము మీద పడతాయి. ఆ కష్టాన్ని బిల్లులో ఎవరూ రాయరు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే కూలరు గడ్డికి తెల్లటి పొర గట్టిగా పేరుకుంటుంది, ఒక్క సీజన్‌కే గాలి ఆడటం మానేస్తుంది. తేనెపట్టు ప్యాడ్ అయినా వారానికొకసారి నీళ్లన్నీ తీసేసి కడుక్కోవాలి. నిలవ నీళ్లలో దోమలు గుడ్లు పెట్టకుండా ఉండటానికైనా ఇది తప్పదు.

ఏసీ ఎవరికి? ఇంట్లో గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లో, పసిబిడ్డో, మంచాన పడ్డ పెద్దవాళ్లో ఉంటే ఇక సందేహం వద్దు, కొనండి. ఇల్లంతా అక్కర్లేదు, ఒక్క గదికి చాలు. రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకునేవాళ్లకు కూడా. మధ్యాహ్నం రెండు గంటలకు మిద్దె కింద కూలరుతో నిద్రపోవడం కష్టం.

కొన్నాక వాడేది 24 నుంచి 26 మధ్య, పైన ఫ్యాన్ తిరుగుతూ ఉండాలి. 2020 జనవరి నుంచి అమ్మే స్టార్ లేబుల్ ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలని కేంద్రం నిబంధన పెట్టింది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు తగ్గుతుంది. 18లో పెట్టి దుప్పటి కప్పుకోవడం సుఖం కాదు, డబ్బులు పారబోయడం. 3 స్టారా 5 స్టారా అన్నది ఏడాదికి ఎన్ని గంటలు వేస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. లేబుల్ మీద రాసిన యూనిట్లు 1,600 గంటల లెక్కన వేసినవి. మీరు మూడు నెలలు, రాత్రికి 6 గంటలు వేస్తే 540 గంటలే అవుతాయి, అంటే లేబుల్ చూపించే ఆదాలో మూడో వంతు. అప్పుడు 3 స్టార్ కొని, మిగిలిన డబ్బుతో మిద్దెకు పూత వేయించుకోవడం మంచిది. ఆరు నెలలు, రోజుకు పది గంటలు వేసేవాళ్లయితే 5 స్టారే తీసుకోండి.

మిద్దె మీద సోలార్

గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్ల కర్నూలు సోలార్ పార్కు 2017లో పూర్తయింది. ఎన్పీ కుంటలోనూ పెద్ద పార్కు ఉంది. ఇంత ఎండ కరెంటు మన పొలాల పక్కనే పుడుతుంటే మన బిల్లు ఎందుకు తగ్గదని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఆ కరెంటు గ్రిడ్‌లోకి పోతుంది, రాష్ట్రమంతటికీ రేటు ఒక్కటే. పైగా పొద్దు గుంకాక మనం అందరం ఒకేసారి లైట్లు, ఫ్యాన్లు, ఏసీలు వేసే వేళకు సోలార్ ఉండదు. అప్పుడు ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ లాంటి చోట్ల బొగ్గు మండాల్సిందే, ఆ బొగ్గు వేరే ప్రాంతం నుంచి రైల్లో రావాల్సిందే. అందుకే రాత్రి ఏడు నుంచి పది మధ్య తగ్గించే యూనిట్ పగటి యూనిట్ కన్నా విలువైనదని నేను నమ్ముతాను. నీళ్ల మోటారు, వాషింగ్ మెషిన్, ఇస్త్రీ పగలే కానిచ్చేస్తే మీకు రూపాయి ఖర్చు లేదు.

ఇంటి మిద్దెకు వద్దాం. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30 వేలు, 3 కిలోవాట్లు ఆపైన మొత్తం 78 వేలు సబ్సిడీ వస్తుంది. ఒక కిలోవాట్‌కు నీడ పడని 100 చదరపు అడుగులు కావాలి. మన ఎండకు రోజుకు 4 యూనిట్ల చుట్టూ ఇస్తుంది.

260 యూనిట్ల ఇంటికి 2 కిలోవాట్లు నెలకు 240 యూనిట్లు ఇస్తే బిల్లులో దాదాపు రూ. 1,285 తగ్గుతుంది. సబ్సిడీ పోను 70 వేలు చేతి నుంచి పడ్డా నాలుగున్నర, ఐదేళ్లలో తిరిగొస్తుంది. ప్యానెళ్లకు 25 ఏళ్ల వారంటీ ఉంటుంది కాబట్టి ఇది మంచి బేరం. 90 యూనిట్ల ఇంటికి బిల్లు మొత్తం పోయినా మిగిలేది నెలకు 260. కిలోవాట్‌కు సబ్సిడీ పోను 35 వేలు పెడితే పదకొండేళ్లు పడుతుంది. వాళ్లు తొందరపడనక్కర్లేదు. ఎస్సీ, ఎస్టీ, బీసీ కుటుంబాలకు రాష్ట్రం ఇచ్చే అదనపు సాయం ఉంది, అర్హత ఉంటే మీ సచివాలయంలో అడిగి అప్పుడు లెక్క మళ్లీ వేయండి.

అమ్మేటప్పుడు గట్టిగా చెప్పనివి కొన్ని ఉన్నాయి. బ్యాటరీ లేని సోలార్, వీధిలో కరెంటు పోతే ఎర్రటి ఎండలో కూడా ఆగిపోతుంది. లైన్‌మన్ స్తంభం మీద పనిచేస్తున్నప్పుడు మన ఇంటి నుంచి కరెంటు పోకూడదని ఆ ఏర్పాటు. కరెంటు కోతల బాధకు సోలార్ మందు అనుకుని కొంటే నిరాశే. రెండోది దుమ్ము. నెలకు రెండుసార్లయినా పొద్దున్నే, ప్యానెల్ వేడెక్కకముందే కడగాలి. మూడోది వేడి: ప్యానెల్ 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి 0.4 శాతం చొప్పున ఉత్పత్తి తగ్గుతుంది, కాబట్టి మే నెల మధ్యాహ్నం కాగితం మీద ఉన్నంత రాదు. నాలుగోది నీళ్ల ట్యాంకు నీడ. ఒక్క ప్యానెల్ మూల మీద పడినా నష్టం పెద్దదే, కొలతలకు వచ్చినవాళ్లను పొద్దున, సాయంత్రం నీడ ఎక్కడ పడుతుందో అడగండి.

ముందు ఫ్యాన్లు మార్చి, వాడకం తగ్గాక ఎన్ని కిలోవాట్లు కావాలో తేల్చుకోండి. 3 అనుకున్నది 2 అవుతుంది.

చిన్నవి

సెట్‌టాప్ బాక్సు రిమోట్‌తో ఆపితే లోపల 10, 12 వాట్లు తాగుతూనే ఉంటుంది, నెలకు 8 యూనిట్లు. గోడ స్విచ్ ఆపేయండి. గీజర్ మన చలికి నెలా రెండు నెలలు చాలు, మిగతా రోజుల్లో మిద్దె మీది ట్యాంకు నీళ్లే కాగి వస్తాయి. తలుపు రబ్బరు వదులైన ఫ్రిజ్‌కు రబ్బరు మార్పించండి. చాలాసార్లు కొత్త ఫ్రిజ్ అక్కర్లేదు.

కరెంటుతో కూలి తెచ్చుకునేవాళ్లకు

రాయదుర్గంలో జీన్స్ కుట్టే షెడ్డులోకి వెళ్తే మొదట వినిపించేది మోటార్ల రొద. పాత మిషన్లకు క్లచ్ మోటారు ఉంటుంది. పొద్దున స్విచ్ వేస్తే సాయంత్రం వరకు తిరుగుతూనే ఉంటుంది, కుట్టే మనిషి దారం ఎక్కిస్తున్నా, గుడ్డ మడుస్తున్నా, టీ తాగడానికి పోయినా. సర్వో మోటారు కాలు నొక్కినప్పుడే తిరుగుతుంది. నాలుగైదు వేలు పెడితే ఒక్కో మిషన్ మీద కరెంటు సగానికి పైగా తగ్గుతుంది, షెడ్డులో వేడి, చప్పుడు తగ్గుతాయి, కుట్టు వేగం మాత్రం తగ్గదు. పొదుపు, సుఖం, సంపాదన మూడూ ఒకే వైపు ఉండే అవకాశాలు తక్కువ, ఇది అందులో ఒకటి. చిన్న యూనిట్ అయితే ఎక్కువ గంటలు నడిచే మిషన్‌తో మొదలుపెట్టి ఒక్కొక్కటే మార్చుకోండి.

అదే షెడ్డులో లైట్ల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. నీలి గుడ్డ మీద నీలి దారం కుట్టే కళ్లకు మిషన్ తల మీద విడిగా ఒక ఎల్‌ఈడీ కావాలి. అది తాగేది కొద్ది వాట్లు. ఒక్క ప్యాంటు తప్పు కుట్టి విప్పితే పోయే కూలి దానికన్నా ఎక్కువ.

ఎవరికి ఏ వరుస

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు మిద్దె మీద ఖర్చు పెట్టలేరు. విప్పి తీసుకుపోగలిగినవే కొనండి: కూలరు, పడకగదికి ఒక్క బీఎల్‌డీసీ ఫ్యాన్. మిద్దెకు సున్నం వేయిస్తే సగం ఖర్చు పెట్టుకుంటామని ఇంటి ఓనర్‌ను అడిగి చూడండి, చాలామంది ఒప్పుకుంటారు.

సొంతిల్లు, 200 యూనిట్లు దాటే బిల్లు ఉన్నవాళ్లకు పూత, ఫ్యాన్లు, ఆ తర్వాత సోలార్. ఏసీ కొనాలనుకుంటే సోలార్‌కు ముందే కొని ఒక ఎండాకాలం వాడండి, అప్పుడు ఎన్ని కిలోవాట్లో సరిగ్గా తెలుస్తుంది.

పెద్దవాళ్లిద్దరే ఉండే ఇల్లయితే పొదుపు లెక్కలు పక్కన పెట్టి ఒక గదికి ఏసీ, ఇన్వర్టరు మీద ఒక ఫ్యాన్ ముందు చూడండి. బిల్లుకు భయపడి వాళ్లు ఏసీని ఆపేస్తుంటారు. దూరంలో ఉన్న పిల్లలు బిల్లు తామే కడతామని చెప్పి, ఫోన్లో ప్రతి నెలా కట్టేస్తే ఆ టెన్షన్ పోతుంది.

చీనీ తోటో, వేరుశనగో ఉన్న రైతుకు ఇంటి మీటరు కన్నా బోరు పెద్ద విషయం. పగటిపూట 9 గంటల ఉచిత కరెంటు ఉంది కాబట్టి ఆదా చేస్తే బిల్లులో రూపాయి కనబడదు. అందుకే ఆటోమేటిక్ స్టార్టర్ పెట్టి వదిలేస్తారు. కరెంటు రాగానే ఫీడరు మీది మోటార్లన్నీ ఒకేసారి లేచి, వోల్టేజీ పడి, వైండింగులు కాలేది అప్పుడే. ఒక్కసారి మోటారు పైకి తీసి, చుట్టించి, మళ్లీ దించడానికి అయ్యే వేలతో పోలిస్తే, వోల్టేజీ పడకుండా మోటారుకు పెట్టే కెపాసిటర్ ఖర్చు ఏమంత కాదు. డ్రిప్‌కు ప్రభుత్వ సబ్సిడీ ఉంది. నీళ్లు తక్కువ తోడితే బోరు ఇంకో నాలుగు ఎండాకాలాలు నిలుస్తుంది, పక్క రైతు బోరు కూడా. సోలార్ పంపుకు మారాలనుకునేవాళ్లు మాత్రం డ్రిప్ వేసిన తర్వాతే మారండి. పొద్దంతా ఖర్చు లేకుండా తిరిగే పంపు చేతికొస్తే, అడుగున ఉన్న నీళ్లు ఇంకా త్వరగా అయిపోతాయి.